ఉరుము ఉరిమి మంగలం మీద

2022 నవంబరు. న్యూయార్క్ విమానాశ్రయం. కాంబోడియా అటవీశాఖలో వన్యప్రాణుల విభాగం చూసే పెద్దాఫీసరు ఒకాయన అక్కడ విమానం దిగాడు. పోవాల్సింది పనామాకి. అక్కడ సైటీస్ మహాసభ. అంతరించిపోయే జీవుల అంతర్జాతీయ వ్యాపారానికి కళ్లెం వేస్తామని 1973లో వాషింగ్టన్‌లో ఒప్పందం రాసుకున్నారే, దాని తాలూకు సభ. ఆ సభకు బయల్దేరిన మనిషిని అమెరికా అధికారులు దారిలోనే పట్టుకున్నారు. నేరం ఏమిటట? అడవికోతుల దొంగరవాణా!

నవ్వండి. మొహమాటం దేనికి? దొంగతనాలు ఎలా ఆపాలో చర్చించే సభకు పోతున్న పెద్దమనిషి దొంగతనం కేసులో దొరికితే నవ్వక ఏం చేస్తాం?

నవ్వు పూర్తికాకముందే రెండో అంకం. 2024 మార్చిలో మయామి కోర్టులో జ్యూరీ ఆయన నిర్దోషి అని తేల్చింది. కాబట్టి ఆయన్ని ఒక్క మాట అనకూడదు. అనం. కానీ ఆ కేసు పుణ్యమా అని ఊరందరికీ తెలిసిన పద్ధతి ఒకటుంది. దాన్ని మాత్రం అనే తీరాలి. మందుల ప్రయోగాల కోసం అమెరికా ప్రయోగశాలలు పొడవు తోక కోతులను కొంటాయి. బోనులో పుట్టిన కోతి అయితే పర్మిట్ సులువు. అడవిలో పట్టిందైతే తలనొప్పి. రెండింటికీ తేడా ఎక్కడుంది? కోతి మొహంలో లేదు. ఫారంలో ఒక గడిలో ఉంది. అడవిదైతే ‘డబ్ల్యూ’ అని రాయాలి. బోనుదైతే ‘సి’ అని రాయాలి. అంతే సంగతులు. ప్రపంచ వన్యప్రాణి రక్షణ మొత్తం ఒక గుమాస్తా కలం మొన మీద నిలబడి ఉంది. కోతి వచ్చి సాక్ష్యం చెప్పదు కదా!

ఇదే చిట్కా అంతకుముందే పశ్చిమాఫ్రికాలోని గినీలో దివ్యంగా పనిచేసింది. అక్కడి నుంచి వందకు పైగా చింపాంజీలు చైనాకు విమానమెక్కాయి. కాగితాల ప్రకారం అన్నీ బోనులో పుట్టిన బిడ్డలే. గినీ దేశం మొత్తం గాలించినా చింపాంజీలను పెంచి పిల్లలు పెట్టించే కేంద్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. పుట్టిల్లు లేని పిల్లలు! ఆ దేశంలో సైటీస్ పర్మిట్లకు బాధ్యుడైన అధికారే వాటిని అమ్ముకున్నాడని 2015లో పట్టుకున్నారు. శిక్ష కూడా పడింది. ఆ తర్వాత? దేశాధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టాడు. కంచె చేను మేసింది, పైగా కంచెకు సన్మానం.

మరి వీటన్నిటినీ కనిపెట్టడానికి పైన పెద్దలెవరూ లేరా? ఎందుకు లేరండీ, బోలెడుమంది. 2010 నవంబరులో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పులుల శిఖరాగ్ర సభ జరిగింది. అక్కడే ఐదు మహాసంస్థలు చేతులు కలిపాయి. సైటీస్ సచివాలయం, ఇంటర్‌పోల్, ఐక్యరాజ్యసమితి వారి మాదకద్రవ్యాలు-నేరాల కార్యాలయం, ప్రపంచ బ్యాంకు, ప్రపంచ కస్టమ్స్ సంస్థ. వన్యప్రాణి నేరాల మీద సమన్వయంతో కలిసికట్టుగా యుద్ధమట. పంచపాండవులు ఎంతమందంటే మంచంకోళ్లలాగా ముగ్గురని చెప్పి, రెండు వేళ్లు చూపించి, పలక మీద ఒకటి వేసి, దాన్నీ తుడిచేసిన విద్యార్థి మీకు గుర్తున్నాడు కదా? వాడికి జెనీవాలో ఉద్యోగం దొరికినట్టుంది.

ఇక సభలు. 2014 లండన్. 2015 బోట్స్వానాలోని కసానే. 2016 హనోయి. 2018లో మళ్లీ లండన్. మధ్యలో 2015లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానం. ప్రతిసారీ ఒక ప్రకటన. ప్రతి ప్రకటనలో ‘రాజకీయ సంకల్పం’. ప్రతి సంకల్పానికీ ఒక గ్రూపు ఫోటో. దేశాధినేతలు వచ్చారు, రాకుమారులు వచ్చారు. దొంగలకు మాత్రం ఆహ్వానం అందినట్టు లేదు, వాళ్లు పనిలో ఉన్నారు.

హనోయి సంగతి చూడండి. 2016 నవంబరు 17న అక్కడ అంతర్జాతీయ సభ మొదలైంది. అదే వారంలో, అక్కడికి వేల మైళ్ల దూరంలో, నెదర్లాండ్స్‌లోని ద హేగ్ నగరంలో వైల్డ్‌లైఫ్ జస్టిస్ కమిషన్ అనే స్వచ్ఛంద సంస్థ బహిరంగ విచారణ పెట్టింది. విచారణ దేని మీద? హనోయి శివార్లలోని న్యీ ఖే అనే ఊరి మీద! ఖడ్గమృగం కొమ్ముతో గాజులు, పూసలు, ఏనుగు దంతపు బొమ్మలు అక్కడ దుకాణాల్లో అమ్ముతున్నారని సాక్ష్యాలు, వీడియోలు, పేర్లు ముందు పెట్టింది. సభికులు బస చేసిన హోటల్ నుంచి టాక్సీ ఎక్కితే న్యీ ఖే చేరడానికి ఎంతసేపు? కాఫీ విరామంలో వెళ్లి గాజులు బేరమాడి రావచ్చు. సమన్వయం అంటే ఇదీ. సభ ఊళ్లో, సంత ఊరి చివర, విచారణ ఇంకో ఖండంలో.

అన్నేళ్ల సంకల్పాల ఫలం ఏమిటి? అదే ఐక్యరాజ్యసమితి వారి నేరాల కార్యాలయం 2024లో తన మూడో నివేదిక విడుదల చేసింది. 2015 నుంచి 2021 దాకా జరిగిన పట్టివేతల లెక్క అది. 162 దేశాలు. సుమారు 4,000 రకాల మొక్కలు, జంతువులు. ఇరవై ఏళ్లుగా పోరాడుతున్నా మొత్తం మీద ఈ నేరం తగ్గుముఖం పట్టిందని చెప్పుకునే ధైర్యం ఆ నివేదికకే లేదు. మెచ్చుకోవాలి. వాళ్ల ప్రోగ్రెస్ కార్డు మీద వాళ్లే సున్నా వేసుకున్నారు. కానీ ఆ కార్డు మీద సంతకం పెట్టాల్సిన తల్లిదండ్రులు ఎవరు?

శిక్షల సంగతీ చూడండి. దక్షిణాఫ్రికాలో ఖడ్గమృగాన్ని వేటాడటానికి డబ్బు కట్టి పర్మిట్ తీసుకోవచ్చు. వేటగాడు కొమ్మును ‘జ్ఞాపిక’గా ఇంటికి పట్టుకెళ్లొచ్చు. లావోస్‌కు చెందిన ఒక ముఠా ఈ నిబంధన చదివి మురిసిపోయింది. థాయ్‌లాండ్ నుంచి వచ్చి దక్షిణాఫ్రికాలో ఉంటున్న ఆడపిల్లలను వేటగత్తెలుగా నిలబెట్టింది. తుపాకీ ఎటు పట్టుకోవాలో తెలియని పిల్లలు మహావేటగత్తెలు! కాల్చేది ఇంకొకరు. పక్కన నిలబడి ఫోటో దిగేది వీళ్లు. కొమ్ము వెళ్లేది ముఠాకు. ఈ నాటకం నడిపిన మనిషికి 2012లో దక్షిణాఫ్రికా కోర్టు 40 ఏళ్ల జైలు వేసింది. ప్రపంచమంతా చప్పట్లు. పై కోర్టు దాన్ని 30 చేసింది. ఇంకా పై కోర్టు 13 చేసింది. 2018లో ఆయన ఇంటికెళ్లిపోయాడు. పండగ డిస్కౌంటు కూడా ఇంత ఉండదు.

ఆ ముఠాను పడగొట్టే సమాచారం ఇస్తే పది లక్షల డాలర్ల బహుమతి అని అమెరికా 2013లో ప్రకటించింది. వన్యప్రాణుల ముఠా మీద అలాంటి బహుమతి పెట్టడం అదే మొదలు. దాని పెద్దాయన ఎవరో తెలుసు. ఊరు తెలుసు. లావోస్‌లో కేసు నడిచిన పాపాన పోయిందా? అదే లావోస్‌లో, మయన్మార్, థాయ్‌లాండ్ సరిహద్దులు కలిసే చోట, ప్రత్యేక ఆర్థిక మండలి పేరుతో ఒక జూదశాల వెలిసింది. పులి మాంసం, పులి ఎముకల సారాయి అక్కడ దొరుకుతాయని పర్యావరణ పరిశోధకులు 2015లోనే రాశారు. 2018లో అమెరికా ఆ జూదశాల యజమాని మీద ఆంక్షలు పెట్టింది. ఆంక్షలు వాషింగ్టన్‌లో, సారాయి లావోస్‌లో.

అలుగు గతి ఇంకా అన్యాయం. భయమేస్తే బంతిలా చుట్టుకోవడం తప్ప దానికి వేరే యుద్ధవిద్య రాదు. చుట్టుకున్న అలుగును పులి కూడా కొరకలేదు. మనిషి మాత్రం హాయిగా చేత్తో ఎత్తి సంచీలో వేసుకుంటాడు. దాని పొలుసుల్లో ఉన్నది మన గోళ్లలో ఉండే పదార్థమే. అయినా అది మందంటారు. 2016లో ప్రపంచంలోని ఎనిమిది రకాల అలుగులనూ సైటీస్ తన మొదటి పట్టికలో చేర్చింది. అంటే అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా బంద్. బాగుందా? 2019 ఏప్రిల్‌లో సింగపూర్ రేవులో, వారం తిరక్కుండా రెండు కంటైనర్లు పట్టుబడ్డాయి. ఒకదాంట్లో 12.9 టన్నుల పొలుసులు. ఇంకోదాంట్లో 12.7 టన్నులు. రెండూ నైజీరియా నుంచి వియత్నాంకు. కిలోలు కాదండీ, టన్నులు! బంద్ అయ్యాక ఇది. తెరిచి ఉంటే ఓడలు చాలేవి కావేమో.

ఇప్పుడు అసలు ఉరుము దగ్గరికొద్దాం. ఇంటర్‌పోల్, ప్రపంచ కస్టమ్స్ సంస్థ కలిసి ఏటా ఒక పెద్ద దాడి నిర్వహిస్తాయి. పేరు ఆపరేషన్ థండర్. 2024లో నవంబరు 11 నుంచి డిసెంబరు 6 దాకా 138 దేశాల్లో ఏకకాలంలో నడిచింది. దాదాపు 20,000 ప్రాణాలతో ఉన్న జంతువులను పట్టుకున్నారు. మంచిదే. ప్రతి ప్రాణీ లెక్కే. అనుమానితులు ఎంతమంది దొరికారు? 365. అంటే దేశానికి తలా ముగ్గురు కూడా రాలేదు. మా ఊరి పేకాట శిబిరం మీద ఒక్క ఎస్సై దాడి చేస్తే ఇంతకంటే ఎక్కువ మంది దొరుకుతారు. పోనీ ఆ ముగ్గురూ ఎవరు? కొనేవాడా? ఓడ ఎక్కించేవాడా? సంతకం పెట్టేవాడా? లేకపోతే సంచీ మోసేవాడా? ఉరుము ఉరిమి మంగలం మీద పడటం మనకు కొత్తా?

మంగలం ఎలా ఉంటుందో చూడాలంటే ఏ తిరుపతి ఎడిషన్ అయినా తీయండి. ఆ ఫోటో మీకు కంఠతా వచ్చు. ముందు వరుసలో ఎర్రచందనం దుంగలు, అగ్గిపుల్లలు పేర్చినట్టు నీటుగా. పక్కన ఒక కారు, డిక్కీ తెరిచి. దుంగల వెనక గొంతుక్కూర్చున్న కూలీలు. తువ్వాళ్లు, ముసుగులు, అరిగిపోయిన చెప్పులు. వాళ్ల వెనక బూట్లు, తుపాకులు, ఇస్త్రీ బట్టలు. మధ్యలో ఉన్నతాధికారి, ఎదురుగా మైకుల గుత్తి. కింద వార్త: ఇన్ని దుంగలు స్వాధీనం, ఇంతమంది అరెస్టు. ఆఖరి వాక్యం ఎప్పుడూ ఒకటే. ‘ప్రధాన నిందితుడు పరారీలో ఉన్నాడు.’ ఎన్నేళ్లుగా పరారీలో ఉన్నాడండీ ఈయన? ఇంత పరిగెత్తేవాణ్ని ఒలింపిక్స్‌కైనా పంపలేకపోయారా?

ఎర్రచందనం ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ, నల్లమల. మన తూర్పు కనుమల దక్షిణపు కొస. అంతే దాని లోకం. చేవ ముదిరి ఎర్రగా పండటానికి దశాబ్దాలు పడుతుంది. కొట్టడానికి అరగంట చాలు. తమిళనాడులో జవ్వాది కొండల నుంచి, తిరువణ్ణామలై వైపు నుంచి మేస్త్రీ కూలీలను తెస్తాడు. ఊళ్లో దొరికే కూలీకి ఎన్నో రెట్లు ఇస్తానంటాడు. అడ్వాన్సు ఇస్తాడు. బియ్యం, నీళ్ల క్యాను, గొడ్డలి, రంపం. రోజుల తరబడి అడవిలో నడక. బెరడు చెక్కి దుంగ చేసి భుజాన వేసుకుని రాత్రిపూట రోడ్డు పక్క డంపు దాకా మోస్తారు. అక్కడి నుంచి బండి. బండికి ముందు ‘పైలట్’ బండి, దారిలో ఖాకీ ఉందో లేదో చూడ్డానికి. ఆ తర్వాత గోదాము. ఆ తర్వాత కంటైనర్. ఆ తర్వాత దుబాయో, హాంకాంగో. లేకపోతే నేపాల్ మీదుగానో, మయన్మార్ మీదుగానో. చివరికి చైనా. మేస్త్రీ, పైలట్, గోదాము, ఏజెంటు, ఓడ. ఒకరి పేరు ఒకరికి తెలియదు. పని మాత్రం గడియారంలా నడుస్తుంది. వీళ్లకు సచివాలయం లేదు. వర్క్‌షాపులు లేవు. సామర్థ్య పెంపు శిక్షణలు లేవు. పవర్‌పాయింట్ లేదు. సమన్వయం ఎలా చేయాలో ఆ ఐదు మహాసంస్థలూ వీళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవచ్చు.

బీజింగ్‌లో ఎర్రచందనానికి ఏకంగా ఒక మ్యూజియం ఉంది. 1999లో కట్టారు. ఒకనాడు చక్రవర్తుల కుర్చీలకు వాడిన కలప, ఇవాళ కోటీశ్వరుల డ్రాయింగ్ రూము. ఆ కుర్చీ మీద కూర్చున్నవాడికి శేషాచలం ఎక్కడుందో తెలుసా? తెలియాల్సిన అవసరం ఏముంది? అక్కడ తుపాకీ పేలితే ఆ గదిలో టీకప్పు కూడా కదలదు.

ఇక్కడ మాత్రం పేలింది. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి మండలం అడవుల్లో టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో ఇరవైమంది తమిళ కూలీలు చనిపోయారు. ఒకే రోజు. ఇరవైమంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ ఒక్కో కుటుంబానికి 5 లక్షలు ఇవ్వమంటే మన ప్రభుత్వం కోర్టు గుమ్మం ఎక్కింది. ఆ ఇరవైమందిలో కంటైనర్ బుక్ చేసినవాడు ఒక్కడున్నాడా? హాంకాంగ్‌లో డబ్బు అందుకున్నవాడున్నాడా?

ఖాకీల వైపు కన్నీళ్లు లేవని కాదు. 2013 డిసెంబరులో అదే శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారులను దారుణంగా కొట్టి చంపారు. 2024 ఫిబ్రవరిలో అన్నమయ్య జిల్లాలో బండి ఆపబోయిన కానిస్టేబుల్‌ను కారుతో గుద్ది చంపారు. చచ్చేది కానిస్టేబులు, చచ్చేది కూలీ. ఈ యుద్ధంలో ఇంతవరకు అవతల సరుకు అందుకునే ఒక్క కన్‌సైనీకి జలుబు కూడా చేయలేదు.

పెద్దవాళ్లను పట్టుకోవడం చేతకాదా అంటే, చేతనవును! ఎర్రచందనం కేసుల్లో ప్రధాన నిందితుడొకణ్ని మారిషస్‌లో పట్టుకుని, ఇంటర్‌పోల్ నోటీసు మీద 2015లో వెనక్కి తెచ్చారు. అంటే చట్టం ఉంది. ఒప్పందం ఉంది. ఫోను చేస్తే అవతల ఎత్తేవాడున్నాడు. విమానం టికెట్టుకు డబ్బులున్నాయి. మరి మిగిలినవాళ్ల వంతు వచ్చేసరికి ఫోనులో బ్యాలెన్సు అయిపోయిందా?

ఇంకో చిత్రం చూడండి. దొరికిన దుంగలన్నీ గోదాముల్లో చేరతాయి. ఏ, బీ, సీ గ్రేడులు కడతారు. ప్రభుత్వం గ్లోబల్ టెండర్లు పిలిచి ఈ-వేలం వేస్తుంది. ఇలా పట్టుబడ్డ కలపను ఒక్కసారి అమ్ముకోవడానికి మన దేశానికి సైటీస్ ఇచ్చిన కోటా 11,806 టన్నులు. 2016 నుంచి 2020 దాకా మన దేశం నుంచి కాగితాలతో సహా విదేశాలకు పోయిన ఎర్రచందనం 19,000 టన్నుల పైమాటే. అందులో సింహభాగం ఎక్కడికి? ఇంకెక్కడికి, చైనాకే! పట్టుబడ్డ దుంగ చైనాకు పోతుంది. పట్టుబడని దుంగా చైనాకే పోతుంది. మొదటిది ఆదాయం, రెండోది నేరం. అవతల బజారులో ఈ రెండు దుంగలూ పక్కపక్కనే కూర్చుంటే ఏది దొరదో, ఏది దొంగదో చెప్పగల మొనగాడు ఎవడు?

కెన్యా 2016లో 105 టన్నుల ఏనుగు దంతాలను పట్టపగలు తగలబెట్టింది. అస్సాం 2021లో 2,479 ఖడ్గమృగం కొమ్ములను బూడిద చేసింది. వాటికి వెల లేదు, వెల కట్టనివ్వం అని ఆ మంటల అర్థం. మనం కూడా దుంగలు తగలబెట్టాలా? నేనైతే ఆ మాట అనను. కలప కాలిస్తే పొగ తప్ప ఏమొస్తుంది? సొంత పొలంలో చట్టబద్ధంగా ఎర్రచందనం పెంచుకున్న రైతు సంగతేమిటి? సైటీస్ 2004 నుంచి భారతదేశపు ఎర్రచందనాన్ని ప్రత్యేక సమీక్షలో పెట్టి, 2023 నవంబరులో గానీ వదల్లేదు. ఆ రైతు పందొమ్మిదేళ్లు ఎదురుచూశాడు. దొంగ మాత్రం ఒక్క రోజు ఎదురుచూడలేదు. కాబట్టి అమ్మండి. కానీ వచ్చిన డబ్బులో ఆ కొండలకు ఎంత తిరిగెళ్లింది? జవ్వాది కొండల్లో గొడ్డలి పట్టని బతుకు ఒక్కరికైనా చూపించారా? వేలం పాట గట్టిగా వినిపిస్తుంది. జమాఖర్చు మాత్రం గొంతు పెగలదు.

మధ్యలో సినిమా మీద పడి ఏడ్చేవాళ్లు కొందరు. స్మగ్లర్‌ను హీరో చేశారట, తగ్గేదేలే అన్నాడట. ఒప్పుకుంటాను, అవార్డులూ ఇచ్చారు, కోట్లూ కుమ్మరించారు. కానీ సినిమా హీరో కనీసం తెర మీద కనిపించాడండీ. అసలువాడు పదేళ్లుగా ‘పరారీలో’ ఉన్నాడు.

తెల్లదొరల దగ్గరికి పోదాం. మన అనంతపురం జిల్లా గుత్తి పేరు ప్రపంచంలో సాలీళ్ల పిచ్చోళ్లందరికీ తెలుసు. ఎలాగంటారా? 1899లో ఒక ఆంగ్లేయ శాస్త్రవేత్త వర్ణించిన నీలిరంగు సాలీడు ఉంది. మొదటి నమూనా గుత్తి రైల్వే కలప డిపోలో దొరికింది. అడవి నుంచి కట్టెతోపాటు వచ్చిన అతిథి అన్నమాట. నెమలి మెడలాంటి నీలం, కాళ్ల మీద పసుపు మచ్చలు, చెట్టు తొర్రల్లో కాపురం. దాని అసలు ఊరు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి. దాదాపు అదే దాని లోకం. అంతరించిపోయే అంచున ఉందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం చెప్పింది. మరి ఐరోపా సంతల్లో? చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, మూతకు గాలి కన్నాలు పొడిచి, ధర చీటీ అంటించి, వరసగా పేర్చి అమ్ముతారు. ‘ఇవన్నీ మా దగ్గర పెంపకంలో పుట్టినవే’ అంటారు. సరే. వాటి ముత్తాతలు పాస్‌పోర్టు చేయించుకుని వెళ్లారా? నంద్యాల స్టేషన్లో రిజర్వేషన్ చార్టులో పేర్లున్నాయా? సైటీస్ పట్టికలోకి ఈ జాతి సాలీళ్లు ఎక్కింది 2019లో. అప్పటికి డబ్బాలు నిండి, పిల్లలు పుట్టి, ఆ పిల్లల పిల్లలు అమ్ముడైపోయాయి.

వేరే దేశపు చట్టాన్ని మీరి పట్టిన జంతువును మా దేశంలో అమ్మితే నేరమే అని అమెరికా 1900 నాటి లేసీ చట్టాన్ని తర్వాత సవరించి మరీ రాసుకుంది. ఐరోపా యూనియన్‌కు అలాంటి చట్టం ఇంకా లేదు. ఆఫ్రికాకు పాఠాలు చెబుతారు. ఆసియాకు నిధులిస్తారు. సొంత సంతలో మాత్రం, ‘సైటీస్ పట్టికలో ఉందా? లేదా? అయితే తీసుకో!’ అమెరికా ఏమైనా తక్కువ తిందా? ఎన్నో దేశాల్లో అటవీ గార్డులకు, నిఘాకు డబ్బిచ్చిన యూఎస్‌ఎయిడ్ సంస్థనే 2025లో మూసి పారేసింది. చట్టం ఉన్నవాడు డబ్బు ఆపేశాడు, డబ్బున్నవాడికి చట్టం లేదు.

దొరలను తిట్టడం అయ్యింది, చైనాను తిట్టడం అయ్యింది. మన సంగతో? బ్యాంకాక్ విమానం దిగే సూట్‌కేసులు చూడండి. చెన్నై, బెంగళూరు, ముంబై, హైదరాబాద్. సాక్సుల్లో చుట్టిన కొండచిలువ పిల్లలు. చాక్లెట్ డబ్బాల్లో తాబేళ్లు. దారిలోనే ఊపిరాడక చచ్చిన కోతిపిల్లలు. ఎవరి కోసం ఇదంతా? చైనా చక్రవర్తి కోసం కాదు. మన గేటెడ్ కమ్యూనిటీల్లో రీల్స్ చేసుకునే అబ్బాయిగారి కోసం, ఇగువానాకు బర్త్‌డే కేకు కోసే అమ్మాయిగారి కోసం.

కేంద్ర ప్రభుత్వం ఏం చేసింది? 2020లో ఒక బంగారు పథకం పెట్టింది. మీ దగ్గర విదేశీ జంతువులుంటే ఆరు నెలల్లో చెప్పేయండి, కాగితాలు అడగం. ఎక్కడ తెచ్చావు, ఎలా తెచ్చావు అన్న ప్రశ్నే లేదు. ముప్పై రెండు వేలకు పైగా ‘ప్రకటనలు’ వచ్చాయి. శేషాచలంలో దుంగ మోసినవాడికి ఇలాంటి పథకం ఒకటి పెట్టి ఉంటే? ‘ఆరు నెలల్లో చెప్పేయండి, ఎక్కడ కొట్టారో అడగం’ అని? ఎందుకు పెడతారు? వాడి దగ్గర గొడ్డలి ఉంది గానీ, మకావ్ చిలుక లేదు కదా!

అయినా ఈ పెద్దలకు పని తెలియదనుకుంటే పొరపాటే. దారి ఎప్పుడో రాసిపెట్టి ఉంది. 2000లో రాసుకున్న ఐక్యరాజ్యసమితి వ్యవస్థీకృత నేరాల ఒడంబడికలో ఇరవయ్యో అధికరణం తీయండి. దొంగసరుకు దొరికిన చోటే చప్పట్లు కొట్టించుకోకుండా, కంట కనిపెడుతూ ముందుకు పోనిచ్చి, అవతల రేవులో చేతులు చాపి అందుకునేవాణ్ని పట్టుకోండి అని ఉంటుంది. కంట్రోల్డ్ డెలివరీ అంటారు. మత్తుమందుల కేసుల్లో చేస్తున్నారు. మన కస్టమ్స్ చట్టంలోనూ 2018లో దీనికి చోటిచ్చారు, 2022లో నిబంధనలూ రాశారు. కలపకు ఎందుకు చేయరు? దుంగ పోనిస్తే ఇక్కడ ఫోటో పోతుంది. ప్రెస్ మీట్ పోతుంది. అవతలి దేశంతో ముందు మాట్లాడుకోవాలి, రెండు కస్టమ్స్ శాఖలు ఒకదాన్నొకటి నమ్మాలి, పట్టుకున్న పేరు అవతలివాడికి దక్కినా ఓర్చుకోవాలి. అదే సమన్వయం. మిగిలిందంతా గ్రూపు ఫోటో.

2022లో మన రెవెన్యూ ఇంటెలిజెన్స్ వాళ్లు గుజరాత్‌లో ఒక కంటైనర్ విప్పారు. గమ్యం షార్జా. కాగితాల మీద రాసిన సరుకు రకరకాల సబ్బులూ షాంపూల్లాంటి స్నానపు సామాను. లోపల 14.63 టన్నుల ఎర్రచందనం. కంటైనర్ ఊరికే ఓడెక్కదు. పంపేవాడి ఎగుమతి-దిగుమతి కోడ్ (ఐఈసీ) నంబరు కావాలి. సరుకు క్లియర్ చేయించే కస్టమ్స్ ఏజెంటు లైసెన్సు కావాలి. షిప్పింగ్ బిల్లు కావాలి. అవతల అందుకునేవాడి పేరు, చిరునామా ఒక గడిలో రాయాలి. దొంగ పేరే రాస్తాడు, ఒప్పుకుందాం. దొంగ పేరుకు కూడా ఫోను మోగుతుంది. కిరాయి కట్టిన ఖాతా ఉంటుంది. రేవుకొచ్చి సరుకు విడిపించుకునే మనిషి ఉంటాడు. కూలీ ఊరు, పేరు, తండ్రి పేరు, వయసు పేపర్లో అచ్చువేయించడానికి మీకు పూట పట్టదు కదా దొరలూ! మరి షార్జాలో కూర్చుని పద్నాలుగున్నర టన్నుల స్నానపు సామాను కోసం ఎదురుచూసిన ఆ మహానుభావుడి పేరేమిటి?